ఓరెస్ట్ చేతిలో ఇరవై సెకన్లు

"—ఇరవై సెకన్లు! ఇరవై దాకా లెక్కపెట్టడం కూడా నేనే నేర్పాలా నీకు?"

"లెక్క వచ్చు కోచ్. మీరు పంతొమ్మిది దాకా మాట్లాడారు."

"నేనా? ఎనిమిదిలో ముగించా."

"మొదటి మాట ఎనిమిదిలో ముగించారు."

"అంటే?"

"తర్వాత ఇంకోటి చెప్పారు. ఆ తర్వాత అది కాదన్నారు. చివర్లో చేతులు వెచ్చగా పెట్టుకోమన్నారు."

సోమవారం ఉదయం. నేను తడి జెర్సీలు డ్రయర్‌లో వేస్తున్నాను. సామాన్ల గదికీ కోచ్ గదికీ మధ్య పలచటి చెక్క గోడ ఒక్కటే అడ్డం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ గోడకు ఇవతల నేనే ఉన్నాను. అవతల కోచ్‌లు మారుతూ వచ్చారు. ఏడేళ్ళుగా ఉన్నది ఓరెస్ట్ హావ్రిలుక్. ఇప్పుడు ఆయన ముందు నిలబడి జవాబిస్తున్నది రెమీ డెజార్లే, మా హారియర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్. బంతిని చేత్తో విసిరి, పట్టుకుని ఆడే మా ఫుట్‌బాల్‌లో ప్రతిసారీ అది ముందుగా అతని చేతికే వస్తుంది. దాన్ని ఎవరికి విసరాలో, ఎవరి చేతికివ్వాలో తేల్చుకోవలసింది అతనే. తేల్చుకోవాలి కానీ, ఈ రోజుల్లో కోచ్ మైకులో చెబుతాడు, క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో వింటాడు. ఆ చిన్న రేడియోలకు బ్యాటరీలు మార్చే పని నాది.

రెమీ బయటికి వచ్చి నా గది గుమ్మంలో ఆగాడు. ఇరవై మూడేళ్ళు. ఉత్తరాన సరస్సుల దగ్గరి ఊరివాడు. నన్ను మూషుమ్ అంటాడు, వాళ్ళ భాషలో తాత అని.

"విన్నావా మూషుమ్?"

"డ్రయర్ మోతలో ఏం వినబడుతుంది?"

"డ్రయర్ ఇంకా ఆన్ చెయ్యలేదు నువ్వు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ముందు రోజు జరిగింది ఇదీ. స్కోరు పంతొమ్మిది, పంతొమ్మిది. ఆట ముగియడానికి ముప్ఫై ఒక్క సెకన్లు. బంతి మాది. మా ఆటలో మూడు ప్రయత్నాల్లో పది గజాలు దాటాలి. రెండో ప్రయత్నం. గాలి మా వెనక ఉంది. స్టేడియంలో ఉన్న చంటిపిల్లలకు కూడా తెలుసు, మాకు కావలసింది ఒక్క పాయింటేనని. బంతిని అవతలి వాళ్ళ గోల్ గీత వెనక జాగాలోకి తన్ని, వాళ్ళు దాన్ని బయటికి తేలేకపోతే ఒక పాయింటు వస్తుంది. ఇంకో పది గజాలు ముందుకు జరిగితే మావాడు బంతిని ఆ జాగా కూడా దాటించి తన్నేవాడు. రిఫరీ ఈల వేశాడు. ఈల నుంచి ఇరవై సెకన్లలో ఆట మొదలుపెట్టాలి. రెమీ హెల్మెట్‌కు అరచెయ్యి ఆనించి వింటూ నిలబడ్డాడు. వింటూనే ఉన్నాడు. ఇరవై దాటింది. ఆఖరి మూడు నిమిషాల్లో ఆ తప్పు చేస్తే ఒక ప్రయత్నం పోతుంది. ఇక మిగిలింది మూడోది. దూరం నుంచే తన్నారు. బంతి ఆ జాగాలో పడింది, బయటికి మాత్రం పోలేదు. అవతలి వాడు దాన్ని తీసుకుని, పరిగెత్తే దారి లేక, తిరిగి మైదానంలోకి తన్నేశాడు. పాయింటు రాలేదు. అదనపు సమయంలో ఓడిపోయాం.

మా ఆర్డెన్ ఫోర్క్స్ లాంటి ఊళ్ళో ఇటువంటిది మరిచిపోవడానికి ఒక చలికాలం చాలదు.

*

ఓరెస్ట్‌దీ ఈ చుట్టుపక్కలే. పశ్చిమంగా గంటన్నర దూరంలో జోరా అని ఒక స్టేషను. ధాన్యం నిలవచేసే పొడుగాటి చెక్క ఎలివేటరు, పట్టాలు, పదకొండు ఇళ్ళు. వాళ్ళ నాన్న ఆ ఎలివేటరు చూసుకునేవాడు. కోతలయ్యాక లారీలు రావడం తగ్గితే, ఓరెస్ట్ దాని ఎర్ర తలుపు మీదికి బంతి విసురుతూ ఉండేవాడు. అక్కడ గాలి ఆగదు. తలుపుకు సూటిగా విసిరితే బంతి కంచెలో పడుతుంది. ఎంత పక్కకు విసిరితే తలుపుకు తగులుతుందో ప్రతి సాయంత్రం కొత్తగా కనుక్కోవాలి. నిద్రలో తనకు మైదానం పైనుంచి కనబడుతుందని ఒకసారి నాతో అన్నాడు. పెద్దబాతులకు కనబడినట్టు, పచ్చగా, మనుషులు చుక్కల్లా. ఏ చుక్క ఎటు కదలబోతోందో ముందే తెలిసిపోయేదట. నిద్ర లేచాక కాసేపు ఆ బొమ్మ కళ్ళలో ఉండేదట. అందుకని కళ్ళు తెరవకుండా పడుకునేవాడట, అమ్మ తిట్టేదాకా.

ఇరవై రెండేళ్ళప్పుడు హారియర్స్‌లోకి వచ్చాడు. నేను చేరిందీ ఆ వేసవిలోనే. అప్పటి కోచ్ నోరిస్ టటిల్ అతని చేత నాలుగు బంతులు విసిరించి, "చెయ్యి బాగుంది. బంతి పట్టుకునే పనికి మారు, రేపే ఆడిస్తా," అన్నాడు. ఆ రోజుల్లో మా దేశంలో పుట్టినవాళ్ళు బంతి పట్టుకోవాలి, అడ్డుకోవాలి, తన్నాలి. విసరడానికి దక్షిణాన సరిహద్దు దాటి అమెరికా వాళ్ళు వచ్చేవారు. ఇప్పుడూ పెద్దగా మారిందేమీ లేదు.

"మారను," అన్నాడు ఓరెస్ట్.

"అయితే బెంచీ మీద కూర్చో."

తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. పేరుకు రెండో క్వార్టర్‌బ్యాక్. గోలుకు తన్నే ప్రతిసారీ లోపలికి పరిగెత్తి, ఒక మోకాలి మీద వంగి, వచ్చిన బంతిని ఒక్క వేలితో నేల మీద నిలబెట్టి పట్టుకునేవాడు. తన్నేవాడు తన్నాక లేచి తిరిగి వచ్చేవాడు. "మా ఆయన ఈ ఆటను మోకాలి ఎత్తు నుంచి చూశాడు," అని అతని భార్య ల్యూబా పెళ్ళిళ్ళలో అందరికీ చెప్పి నవ్వించేది. ఓరెస్ట్ కూడా నవ్వేవాడు. ఆమె అతన్ని బంతి విసిరేవాడనుకుని చేసుకుంది. ఆ మాటా ఆమే చెప్పేది.

పదో ఏడు అక్టోబరులో, రోజూ బంతి విసిరే అమెరికా అబ్బాయికి జ్వరం వచ్చి, ఓరెస్ట్ వంతు వచ్చింది.

టటిల్ పద్ధతి ఏమిటంటే, ఏం ఆడాలో ప్రతిసారీ తానే చెప్పాలి. రేడియోలు లేవు. ఇద్దరు ఆటగాళ్ళను పెట్టుకుని, ఒకసారి ఒకణ్ణి, ఇంకోసారి ఇంకొకణ్ణి పంపేవాడు. వాడు వెళ్ళి ఓరెస్ట్ చెవిలో చెప్పాలి. సగం ఆట అలాగే సాగింది. మూడో క్వార్టరులో పొడి మంచు నేల మీద నుంచి లేవడం మొదలైంది. ఆకాశంలోంచి పడేది కాదు అది. పొలాల్లోంచి వచ్చి, మనిషి నడుము దాకా, తర్వాత భుజం దాకా లేచి, అడ్డంగా పోతూ ఉంటుంది. ముందు అవతలి గోల్ స్తంభాలు పోయాయి. తర్వాత అవతలి బెంచీ. ఆ తర్వాత మైదానమే లేదు.

మేము ఆటను విన్నాం. భుజాల కవచాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. ఈల. నిశ్శబ్దం. ఎక్కడో ఓరెస్ట్ గొంతు, ఆట మొదలుపెట్టే అంకెలు అరుస్తూ. ఒకసారి ఎడమవైపు వినబడేది, తర్వాత బాగా దూరంగా. టటిల్ ఒకణ్ణి తోశాడు. వాడు తెల్లటి గాలిలోకి పోయి కాసేపటికి తిరిగి వచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పా కోచ్. వినబడలేదని చెప్పమన్నాడు."

"చెవిలో చెప్పలేదా?"

"చెవిలోనే చెప్పా."

టటిల్ ఇంకొకణ్ణి పంపలేదు. నేను దుప్పటి పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. స్టేడియం పైవరసల్లోని జనం కూడా మాట్లాడటం మానేశారు. పదిహేను వేల మంది కళ్ళు మూసుకుని కూర్చున్నట్టుంది. గంట తర్వాత ఈల మూడుసార్లు మోగింది. ముందు రిఫరీ బయటికి వచ్చి, ఇరవై మూడు, పదకొండు, మీదే, అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఆఖర్న ఓరెస్ట్. కనుబొమల మీద మంచు. మధ్యాహ్నం కునుకు తీసి లేచినవాడి ముఖంలా ఉంది.

"బాగా ఆడావు. మళ్ళీ ఇలా చెయ్యకు," అన్నాడు టటిల్.

తర్వాతి వారం ఆకాశం తేటగా ఉంది. ఆ ఇద్దరూ మళ్ళీ అటూ ఇటూ పరిగెత్తారు. ఓరెస్ట్ ఇంకో రెండేళ్ళు ఆడాడు, చెప్పింది చెప్పినట్టు. ఆ తర్వాత భుజం పోయింది. బళ్ళో, తర్వాత విశ్వవిద్యాలయంలో, తర్వాత ఇంకో రెండు ఊళ్ళలో కోచ్‌గా చేశాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళు అతన్ని ప్రేమించారు. వాళ్ళకు తెలియనివన్నీ అతను చెప్పేవాడు. వాళ్ళకు తెలిసినవి కూడా చెప్పేవాడు.

*

ఈ ఏడు సెప్టెంబరులో మా అమెరికా క్వార్టర్‌బ్యాక్ మెడ కింది ఎముక విరిగింది. రెమీని ఆడించారు. అయిదు ఆటల్లో నాలుగు ఓడాం. ఇక ఆదివారం ఒక్క ఆట మిగిలింది. గెలిస్తే పై దశకు పోతాం.

మంగళవారం మేనేజరు స్టూవర్ట్ పెంగెలీ కాఫీ కప్పుతో సామాన్ల గదిలోకి వచ్చాడు. ఓరెస్ట్ నా దగ్గరే కూర్చుని ఉన్నాడు. పెంగెలీ చెడ్డవాడు కాదు. చెప్పవలసింది వెచ్చటి గదిలో చెబుతాడు.

"ఆదివారం ఓడితే రెమీని బంతి పట్టుకునే పనికి మారుస్తున్నాం. వచ్చే ఏడుకి టెక్సాస్ నుంచి ఒకణ్ణి మాట్లాడా."

"వాడు క్వార్టర్‌బ్యాక్, స్టూవర్ట్."

"అయిదు ఆటలూ చూశా. చెప్పేదాకా కదలడు. నువ్వే చూస్తున్నావుగా."

"కుర్రాడు. ఇంకా నేర్పుతున్నా."

"ఎంత నేర్పుతావయ్యా? మనిషి నిండిపోయాడు." పెంగెలీ కప్పులోకి చూసుకున్నాడు. "ఇంకోటి కూడా చెప్పాలి. ఓడితే నీ సంగతి కూడా బోర్డు మాట్లాడుతుంది. ఎవరి దగ్గరో వినడం కంటే నా దగ్గర వినడం నయమని చెబుతున్నా."

"నా సంగతి వదిలెయ్. వాణ్ణి ఒకసారి మార్చితే మళ్ళీ వెనక్కి రానివ్వరు."

"రానివ్వం," అని ఒప్పుకున్నాడు పెంగెలీ.

అతను పోయాక ఓరెస్ట్ బల్ల మీది హెల్మెట్ తీసుకుని లోపలికి చూశాడు. చెవి దగ్గర గుండ్రటి నల్లటి బిళ్ళ. దాన్ని బొటనవేలితో రుద్దాడు.

"ఆదివారం దాకా వాడితో రోజూ రాత్రి ఫోన్లో మాట్లాడతా. ప్రతి ఎత్తూ వాడికి నోటికి రావాలి," అన్నాడు.

నేను బ్యాటరీల పెట్టె తెరిచాను.

గురువారం ల్యూబా మా అందరికీ పెరోగీలు తెచ్చింది, బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి. పెద్ద అల్యూమినియం పళ్ళెం, పైన వేయించిన ఉల్లిపాయలు, పక్కన పుల్లటి మీగడ. సిలవారం రేకు తీస్తూ నన్నడిగింది.

"ఇక్కడైనా ఊపిరి తీసుకుంటున్నాడా ఈయన?"

"అప్పుడప్పుడూ."

"ఇంట్లో నిద్రలో కూడా ఆటలు చెప్తున్నాడు. నిన్న నన్ను ఎడమవైపుకి పరిగెత్తమన్నాడు."

"పరిగెత్తావా?" అన్నాడు ఓరెస్ట్, నోటి నిండా పెట్టుకుని.

"ఎడమవైపు గోడ ఉంది. ముప్ఫై నాలుగేళ్ళుగా అక్కడే ఉంది, నీకెవరూ చెప్పలేదా?"

రెమీ కూడా నవ్వాడు. నవ్వి, ఓరెస్ట్ తనవైపు చూడగానే పళ్ళెంలోకి చూశాడు. ఆ చూపు తిప్పుకోవడం ల్యూబా గమనించింది. రెమీ ఫోర్కు పెట్టేసి థాంక్స్ చెప్పి వెళ్ళాక, రేకు మళ్ళీ బిగిస్తూ, "మన ఇంటికొచ్చినప్పుడు ఆ అబ్బాయి ఎన్ని కబుర్లు చెప్పేవాడు. ఇక్కడ నోరెత్తడేం?" అంది.

"ధ్యాస పెడుతున్నాడు," అన్నాడు ఓరెస్ట్.

ఆమె పళ్ళెం చంకన పెట్టుకుని బయల్దేరింది. ఓరెస్ట్ కదల్లేదు. "విల్ఫ్, మొన్న ఆదివారం రేడియో రికార్డింగు ఉందా నీ దగ్గర?" అన్నాడు.

ఉంది. రేడియో సరిగ్గా పనిచేసిందో లేదో చూసుకోవడానికి ప్రతి ఆటదీ ఉంచుతాను. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఆ ఆఖరి ముక్క పెట్టు. పంతొమ్మిది అన్నాడుగా, చూద్దాం."

మెడలోని స్టాప్‌వాచీ తీసి పట్టుకున్నాడు. నేను వెతికి పెట్టాను. ముందు గాలి చప్పుడు, జనం హోరు. ఈల. ఓరెస్ట్ బొటనవేలు కదిలింది. అతని గొంతే డబ్బాలోంచి వచ్చింది, పలచగా, దగ్గరగా.

"రెమీ, రెండోది. కుడివైపు, చిన్నగా విసురు, పొడుగాటివాడికి. విన్నావా? ఆగు, వాళ్ళ చివరివాడు ముందుకొచ్చాడు చూడు, అయితే మధ్యలోంచి పరిగెత్తించు. కాదు, కుడివైపే. గాలి చూసుకో. మోకాళ్ళు వంచు. చేతులు వెచ్చగా పెట్టుకో. కంగారేం లేదు, తేలిక ఇది—"

ఈల.

ఓరెస్ట్ వాచీ నాకు చూపించలేదు. తనూ రెండోసారి చూసుకోలేదు.

"మొదట్నించీ పెట్టు."

"మొత్తం ఆటా?"

"మొత్తం."

డ్రయర్ ఆపేశాను. కిటికీ అద్దం మీద మంచు పూలు కరిగి, మధ్యలో అరచెయ్యంత మేర మైదానం కనబడుతోంది. ఎండ చాప మీదికి వచ్చింది. ఎండలో చేతితొడుగులు ఆరుతున్నాయి, తోలు వాసన. ఓరెస్ట్ తలవంచుకుని తన గొంతు వింటూ కూర్చున్నాడు. ఎడమవైపు చూడు. ఆగు. ఇప్పుడు కాదు. భుజం దించు. శభాష్, కానీ ఇంకోసారి అలా చెయ్యకు. అక్కడక్కడా రెండు మాటల మధ్య ఊపిరి పీల్చిన చప్పుడు వినబడేది. అప్పుడతను తల కొంచెం ఎత్తేవాడు, అక్కడ ఇంకెవరైనా మాట్లాడతారేమోనన్నట్టు. హెల్మెట్‌లోని రేడియోలో తిరిగి మాట్లాడటానికి వీల్లేదు. అది వినడానికే.

రెండు గంటలయింది. ఎండ చాప దాటి గోడెక్కింది. ఎక్కడో మూడో క్వార్టరులో ఓరెస్ట్ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని ఆపబోయాను.

"ఉండనీ," అన్నాడు.

*

శుక్రవారం సాధన. ఓరెస్ట్ గొంతు బాగోలేదని మైకు నా చేతికిచ్చి, ఖాళీ స్టేడియంలో పైవరస దాకా ఎక్కి కూర్చున్నాడు. గొంతు బాగానే ఉంది. కాసేపటికి నేనూ ఫ్లాస్కు తీసుకుని ఎక్కాను.

అంత పైనుంచి చూస్తే ఊరంతా కనబడుతుంది. కోసేసిన గోధుమ పొలాలు, వాటి మీద పలచటి మంచు, నది వంపులో ఇంకా గడ్డకట్టని నీళ్ళు. పెద్దబాతులు దక్షిణానికి పోతున్నాయి. ఈ ఏడాదికి అవే ఆఖరివేమో. వాటి అరుపులు ముందు వినబడ్డాయి, తర్వాత అవి కనబడ్డాయి, తర్వాత చాలాసేపు ఏదీ లేదు. కింద మైదానంలో మనుషులు చిన్నగా ఉన్నారు.

రెమీ మైకు కోసం బెంచీ వైపు ఒకసారి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఇంకోసారి చూశాడు. తర్వాత అయిదారుగురిని దగ్గరికి పిలిచి, గొంతుక్కూర్చుని, నేల మీది మంచుపొడిలో వేలితో ఏదో గీశాడు. ఒకడు తల అడ్డంగా ఊపి ఇంకో గీత గీశాడు. రెమీ దాన్ని అరచేత్తో చెరిపేసి ఏదో అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు మా దాకా ఆలస్యంగా వచ్చింది.

లేచి నిలబడ్డారు. రెమీ బంతి అందుకుని వెనక్కి నాలుగడుగులు వేసి, ఎవరూ లేని మూలకు విసిరాడు. గాలి దాన్ని పక్కకు నెట్టింది. పొడుగాటివాడు ఆ చోటికే వచ్చి అందుకున్నాడు.

ఓరెస్ట్ ముందుకు వంగాడు.

"ఆ ఎత్తేంటి విల్ఫ్?"

"నాకేం తెలుసు? నువ్వు నేర్పిందే అనుకున్నా."

"నేను నేర్పలేదు."

మళ్ళీ గుంపు కట్టారు. మళ్ళీ గీశారు. ఈసారి తప్పింది, బంతి కంచె దగ్గరికి దొర్లింది. పొడుగాటివాడు రెమీ మీద అరిచాడు, రెమీ వాడి మీద అరిచాడు. ఓరెస్ట్ నోరు తెరిచాడు. కుడి చెయ్యి ఒళ్ళో ఉన్నది లేచి చెంప దగ్గరికి, మైకు ఉండే చోటికి వచ్చింది. అక్కడ కాసేపు ఉంది. నేను ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు.

సాధన అయ్యేదాకా అక్కడే కూర్చున్నాం. కాళ్ళు బిగుసుకుపోయాయి. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగాడు.

శనివారం పదింటికి సమావేశం. జట్టంతా మడత కుర్చీల్లో కూర్చుంది. పెంగెలీ గుమ్మంలో నిలబడ్డాడు, కాఫీతో. రెమీ రెండో వరసలో ఉన్నాడు. ఒళ్ళో నోటుపుస్తకం, కలం మూత పళ్ళ మధ్య. ఓరెస్ట్ చెప్పబోయేది రాసుకోవడానికి తయారుగా ఉన్నాడు.

ఓరెస్ట్ బోర్డు ముందుకు వచ్చాడు. బోర్డు మీద ఏమీ రాసి లేదు. గది వెనక హెల్మెట్లు వరసగా పేర్చుతున్న నావైపు చూశాడు.

"విల్ఫ్, రేపు రెమీ హెల్మెట్‌లో రేడియో పెట్టకు. ఏం ఆడాలో రెమీ చెప్తాడు."